అక్షయకు పైపళ్ళు ముందొచ్చాయి

పెసరట్టులోకి అల్లం పచ్చడి వద్దనే మగవాణ్ణి కంకిపాడులో ఎవరూ మామూలుగా చూడరు. రోగమన్నా ఉండాలి, రహస్యమన్నా ఉండాలి అనుకుంటారు. దుర్గాప్రసాద్‌కు రెండూ ఉన్నాయి. ఆ ఉదయం పచ్చడి గిన్నెను మోచేత్తో పక్కకు నెట్టి, అట్టును గోరంత ముక్కలుగా తుంచుకుని కుడి దవడతోనే నములుతున్నాడు. ఎడమ బుగ్గ లోపల, వెనక పళ్ళకు ఆనుకుని ఒక పుండు కాపురం పెట్టింది. కొత్తావకాయ కలిపిన రోజుల్లో వచ్చింది. ఇప్పుడు కార్తీకం నడుస్తోంది. వచ్చిన చుట్టం వెళ్ళే సూచనలేమీ కనిపించడం లేదు.

"మళ్ళీ వేడి చేసిందా?" అంది తల్లి సీతారావమ్మ, పొయ్యి దగ్గర్నుంచి తిరక్కుండానే.

"ఆఁ."

"చెయ్యక ఏం చేస్తది? మజ్జిగ తాగవు. సబ్జాలు నానబెడితే అట్టాగే వదిలేసి పోతావు. పొద్దస్తమానం ఆటోనగర్లో ఆ ఇనుం మధ్య కూర్చుంటే చలవ చేస్తదా?"

మన వైపు నోట్లో ఏ జబ్బొచ్చినా దాని పేరు వేడే. నాలుక పూస్తే వేడి, చిగుళ్ళు వాచి నెత్తురు కారితే వేడి, పెదవి మూల చిట్లితే వేడి. పన్ను పుచ్చితే మాత్రం పురుగు. ఈ రెండు మాటలతో వైద్యమంతా ఇంట్లోనే తేలిపోతుంది, డాక్టరు గడప తొక్కే పనుండదు. దుర్గాప్రసాద్‌కు ఆ వేడి అనే మాట చాలా ఉపకారం చేసింది. తల్లి ఆ మాట అన్నప్పుడల్లా అతను కొంత నమ్మాడు, కొంత నమ్మినట్టు నటించాడు. చివరికి ఏది ఎంతో అతనికే తెలియకుండా పోయింది.

అతనికి ముప్పై మూడేళ్ళు. ఆటోనగర్లో లారీ స్పేర్ పార్టుల షాపు. పెళ్ళి కాలేదు. పెళ్ళి కాకపోవడం ఈమధ్య డెల్టా కుర్రాళ్ళకు అంటువ్యాధి కాబట్టి దాన్నెవరూ తప్పు పట్టడం లేదు. షాపు పెట్టిన కొత్తలో ఒక డ్రైవరు చనువుగా అరచేతిలో ఇంత గుట్కా పోశాడు. మొహమాటానికి మొదలైంది అలవాటయింది, అలవాటు కాస్తా ఆకలికన్నా ముందొచ్చేదయింది. ప్యాకెట్ మీద కుళ్ళిన నోటి బొమ్మ ఉంటుంది కదా, ఆ బొమ్మను లోపలికి మడిచి జేబులో పెట్టుకునేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టన్నమాట.

పుండుకు తేనె రాశాడు. కొబ్బరినూనె పుక్కిలించాడు. మందుల షాపులో అడిగి బీ కాంప్లెక్స్ మింగాడు, చల్లటి జెల్ పూశాడు. డాక్టరుకు తప్ప అందరికీ మొక్కాడు. కానీ నాలుక ఉందే, దానికి ఊరుకోవడం చేతకాదు. బిల్లు రాస్తుంటే వెళ్ళి ఆ పుండును తడుముతుంది, గిరాకీతో బేరమాడుతుంటే తడుముతుంది, నిద్రలో కూడా వెళ్ళి అంచులు చూసి వస్తుంది. అంచులు గట్టిపడుతున్నాయని మొదట కనిపెట్టింది నాలుకే. ఈమధ్య నోరు కూడా సరిగా తెరుచుకోవడం లేదు. ఇడ్లీ నాలుగు ముక్కలు చేస్తే గానీ లోపలికి పోదు. ఆవులింత వస్తే సగంలోనే ఆగిపోతుంది.

అట్టు ఇంకా సగం ఉండగానే ఫోన్ మోగింది. ఉయ్యూరులో అత్తగారింట్లో ఉన్న చెల్లెలు భానుశ్రీ.

"అమ్మా, అక్షయకి పళ్ళొచ్చినయ్యే!"

"అబ్బో, మా తల్లే! ఎన్నొచ్చినయ్యి?"

"రెండు."

"పైనా, కిందా?"

అవతల గొంతు తగ్గింది. "పైనేనమ్మా," అంది భానుశ్రీ.

సీతారావమ్మ పొయ్యి కట్టేసింది. తిరిగి కొడుకు వంక చూసింది. ఆ చూపుకు దుర్గాప్రసాద్ గొంతులో అట్టు ముక్క అడ్డం పడింది.

ఎవరికైనా కింది పళ్ళు ముందొస్తాయి. పైవి ముందొస్తే మేనమామకు గండం. ఇది ఎవరు రాసిపెట్టారని అడిగితే ఎవరూ చెప్పలేరు, కానీ తెలియనివాళ్ళూ ఉండరు. విరుగుడు కూడా వాళ్ళే చెప్పారు. ఇనుప మూకుడులో నువ్వులనూనె పోసి, ఆ నూనెలో మేనమామ పిల్ల ముఖం చూడాలి. అప్పటిదాకా పిల్లను నేరుగా చూడకూడదు. అక్షయకు ఉన్నది ఒక్కడే మేనమామ.

"నవ్వులాట కాదురా," అంది సీతారావమ్మ, అతను నవ్వకపోయినా. "మన కోటేశ్వరమ్మ సంగతి తెలియదా? పైపళ్ళు ముందొచ్చినయ్యి, విరుగుడు చెయ్యలా. ఆ ఏడే మేనమామ కాలవలో పడి పోయాడు."

తెలియకేం? మేనమామను మింగిన కోటేశ్వరమ్మ. ఆవిడకు అరవై దాటాయి, మనవలున్నారు. ఇప్పటికీ ఊళ్ళో ఇంకో కోటేశ్వరమ్మతో పొరబడకుండా ఆవిణ్ణి అలాగే గుర్తు చెబుతారు. పెళ్ళిళ్ళలో హారతి పళ్ళెం ఆవిడ చేతికివ్వరు, ఆవిడా అడగదు, వెనక వరసలో కూర్చుని భోంచేసి వెళ్ళిపోతుంది. చిన్నప్పుడు దుర్గాప్రసాద్ కూడా ఆవిడ వెనకాల ఆ పేరు పెట్టి అరిచి పరుగెత్తినవాడే.

ఆ రోజు నుంచి సీతారావమ్మ కొడుకును చంటిపిల్లాడి కింద జమకట్టేసింది. బండి తాళాలు బియ్యం డబ్బాలో దాచింది. బందరు కాలవ వైపు చూడొద్దంది. మోటారు స్విచ్చి తనే వేస్తానంది. దాంతో అతను షాపుకు బస్సులో వెళ్ళవలసి వచ్చింది. పోరంకి, కానూరు మీదుగా పటమట చేరేదాకా కిక్కిరిసిన బస్సులో ఉమ్మడానికి చోటు లేక, మింగడానికి మనసొప్పక, నోట్లో ఊరిన ఎర్రటి నీళ్ళతో అతను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. గండం కాలవలోనూ కరెంటులోనూ ఉందని తల్లి వెతుకుతోంది. అతను మాత్రం దాన్ని బుగ్గలో పెట్టుకుని తిరుగుతున్నాడు.

మధ్యలో ఇంకో చిక్కు వచ్చిపడింది. భానుశ్రీ అలవాటుగా పాప ఫొటో వాట్సాప్‌లో పెట్టింది. ఫోన్లో చూస్తే చూసినట్టా, కానట్టా? సీతారావమ్మ పంతులుగారికి ఫోన్ చేసింది. ఆయన చాలాసేపు ఆలోచించి, శాస్త్రంలో ఫోన్ ప్రస్తావన లేదు గానీ అనుమానం ఉన్నచోట మానుకోవడమే మంచిది కదమ్మా అన్నాడు. దుర్గాప్రసాద్ కళ్ళు గట్టిగా మూసుకుని ఫోన్ చాచి పట్టుకుంటే, తల్లి తన వేలితో ఆ ఫొటో తీసేసింది.

ఇంకెప్పుడైనా అయితే అతను ఎగతాళి చేసేవాడే. ఈసారి చెయ్యలేదు. నిజం చెప్పాలంటే గండం అన్న మాట వినగానే అతని ప్రాణం కుదుటపడింది. ఇన్నాళ్ళూ లోపల పీకుతున్న దానికి ఒక పేరు దొరికింది. ఆ పేరు ప్యాకెట్ మీది పేరు కాదు! గండమైతే విరుగుడుంది. మూకుడు, నూనె, మంచిరోజు. కత్తులు లేవు, సూదులు లేవు. తల్లికన్నా అతనే తొందరపడ్డాడు, ఇంకా ముందు రోజు లేదా అని పంతులుగారిని రెండుసార్లు అడిగాడు. ఆదివారం ఖాయమయింది. నిష్ఠగా ఉంటానని గుట్కా కూడా మానేశాడు. మానేస్తే మంట కాస్త తగ్గింది. ఇదిగో, గండం పోతోంది అనుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే ఉయ్యూరు నుంచి కారు వచ్చింది. భానుశ్రీ, ఒళ్ళో పాప, పక్కన ఆమె అత్తగారు బసవపూర్ణమ్మ. ఆవిడ కారు దిగితే వీధి అంతటికీ తెలుస్తుంది. ఓడిపోవడం ఎరగని మనిషి. వియ్యపురాలిని చూడగానే "ఏం వదినగారూ, నూనె గానుగదేనా, ప్యాకెట్‌దా?" అని మొదలుపెట్టింది.

పాపను గుడ్డ కప్పి తెచ్చారు. పంతులుగారు చెప్పినట్టు దుర్గాప్రసాద్ తల వంచుకుని మూకుడులోకి చూశాడు. నల్లటి నూనెలో ముందు తన ముఖమే కనిపించింది, ఎడమ బుగ్గ కొంచెం ఉబ్బి. తర్వాత పక్కనే ఒక చిన్న గుండ్రటి ముఖం వచ్చి చేరింది. ఆ ముఖం నవ్వింది. పైన రెండు పళ్ళు, బియ్యపు గింజలంత, తెల్లగా. అతనికి దుఃఖం ముంచుకొచ్చింది. పాపను ఎత్తుకుని గుండెకు హత్తుకుని, "నా బంగారుతల్లీ, మామని కాపాడావే," అన్నాడు.

బంగారుతల్లి ఊరుకుంటుందా? ఎనిమిది నెలల పిల్ల, దొరికిన కన్నంలో వేలు పెట్టే వయసు. మామ నోరు కదలడం చూసి చటుక్కున చెయ్యి లోపలికి తోసింది. ఆ నోరు రెండు వేళ్ళకు మించి తెరుచుకోదు. చెయ్యి ఇరుక్కుంది, పాప గింజుకుంది, వేళ్ళు వెళ్ళి సరిగ్గా ఎక్కడ తగలకూడదో అక్కడే తగిలాయి. దుర్గాప్రసాద్ కెవ్వుమన్నాడు. పాప చెయ్యి బయటికొచ్చేసరికి చిటికెనవేలి నుంచి మణికట్టు దాకా నెత్తురు.

"ఏందిరా అది?" అంది సీతారావమ్మ.

ఒక్క నిమిషం చాలు, అప్పుడే చెప్పేయొచ్చు. అందరూ ఉన్నారు, అందరూ అతని నోటి వంకే చూస్తున్నారు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి, చివరికి, "ఏం లేదు. గోరు గీసుకుంది," అన్నాడు.

"చూశారా, చూశారా!" బసవపూర్ణమ్మ గొంతు వీధిలోకి వెళ్ళింది. "నూనె ఆరకముందే నెత్తురు కళ్ళజూసింది! నా మనవరాలని నిజం దాచుకోను వదినగారూ, ఉన్నమాట ఉన్నట్టు చెప్పుకోవాలి. గండం పోలా. మీ అబ్బాయి నాలుగు కాలాల పాటు బతకాలంటే ఈ పిల్లని ఆయన కంటబడనియ్యకండి. రేపు మేనమామను మింగిందని ఊరంతా అంటే పెళ్ళి కావాల్సిన పిల్ల, మాకూ కష్టమే."

ఎనిమిది నెలల పిల్లకు పెళ్ళి గురించి బెంగపడటం ఆవిడకే చెల్లింది. భానుశ్రీ పాపను లాక్కున్నట్టుగా తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

దుర్గాప్రసాద్ వెనకాలే వెళ్ళాడు. పంపు దగ్గర ఆమె పాప చెయ్యి కడుగుతోంది, ఏడుస్తూనే. పాపకు నీళ్ళు సరదాగా ఉన్నాయి, చప్పట్లు కొడుతోంది.

"ఊరుకో భానూ. ఆవిడ మాటలకేంలే. గోళ్ళు తీసేస్తే పోద్ది."

భానుశ్రీ పాప చెయ్యి పైకెత్తి అతని ముఖం ముందు పెట్టింది. "పొద్దున నీళ్ళు పోశాక తీశానన్నయ్యా. చూడు. ఏదీ గోరు?"

వేళ్ళ చివర్లు గులాబీ రంగులో నున్నగా ఉన్నాయి. గీయడానికి అక్కడ ఏమీ లేదు.

"నోరు తెరువు," అంది.

"పనుంది," అన్నాడు.

బండి తాళాలు బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి తీసుకుని, ఎవరూ పిలవకముందే రోడ్డెక్కాడు. ఎక్కడికని లేదు. బందరు రోడ్డు మీద పోరంకి దాకా పోయి వెనక్కి తిరిగాడు, మళ్ళీ తిరిగాడు. చివరికి బడ్డీకొట్టు ముందు ఆగితే, కొట్టువాడు అడక్కుండానే ప్యాకెట్ చేతిలో పెట్టాడు. అలవాటుగా బొమ్మను లోపలికి మడవబోయి ఆగాడు. చూశాడు. తన నోటిని అద్దంలో అతనెప్పుడూ సరిగా చూసుకోలేదు, కానీ నాలుకకు తెలుసు, ఆ బొమ్మలోది ఎలా ఉంటుందో.

అతనికి చావంటే భయం. అది దాచుకోవలసిన పనిలేదు, అందరికీ భయమే. కానీ ఆ బడ్డీకొట్టు ముందు అతణ్ణి నిలవనియ్యకుండా చేసింది అది కాదు. తను పోతే పోతాడు, పదో రోజున అందరూ భోంచేసి వెళతారు. తర్వాత ఆ రెండు బియ్యపు గింజల పిల్ల బడికి వెళుతుంది, పెద్దమనిషవుతుంది, ముసలిదవుతుంది. అన్నేళ్ళూ ఎవడో ఒకడు దాని వెనకాల ఆ పేరు పెట్టి అరిచి పరుగెత్తుతాడు. చెయ్యనిదానికి. తను చేసినదానికి.

ఇల్లు చేరేసరికి బసవపూర్ణమ్మ కారులో ఒక కాలు పెట్టి ఉంది.

"ఆగండి అత్తయ్యగారూ," అన్నాడు. వరండాలో కుర్చీని ఎండలోకి లాక్కుని కూర్చున్నాడు. ఫోన్లో లైటు వేసి భానుశ్రీ చేతికిచ్చాడు. రెండు వేళ్ళతో ఎడమ బుగ్గను బయటికి లాగి, పళ్ళ వెనక సందు తెరిచాడు. నొప్పికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా లాగే ఉంచాడు.

భానుశ్రీ చూసింది. సీతారావమ్మ చూసింది. బసవపూర్ణమ్మ కళ్ళజోడు సవరించుకుని, వంగి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది.

"ఇది మామిడికాయల నాటిది," అన్నాడు వేళ్ళు తీసి. "అప్పటికి అక్షయ బోర్లా కూడా పడలా. నేను తిన్న గుట్కా తెచ్చింది. దాని పళ్ళు తేలా. ఇందాక గోరన్నది అబద్ధం. రేపు నాకేమన్నా అయితే, ఎవరన్నా పిల్లని ఒక్క మాటన్నా నేనూరుకోను."

"పోయినాక ఊరుకోక ఏం చేస్తావురా వెధవా!" అంది సీతారావమ్మ. అని, అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది. "వేడనుకున్నానే నా తల్లీ, వేడనుకుని మజ్జిగ పోశానే."

ఆ సాయంత్రం పటమటలో, ఆదివారం కూడా తెరిచి ఉండే ఒక పళ్ళ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరు డయానా గారు చిన్న మనిషి, నెమ్మది మాట. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టుకోమంది. రెండో వేలికే ఆగిపోయాడు. బుగ్గ లోపల అద్దం పెట్టి చూసింది, మెడ కింద తడిమింది. చిగుళ్ళు కూడా పళ్ళను వదిలేస్తున్నాయంది.

"ఇన్నాళ్ళు ఎందుకు రాలేదండీ?"

"భయమేసిందండీ. వస్తే మీరు పేరు చెబుతారని."

"రెండు మూడు వారాల్లో మానని పుండు ఏదైనా సరే, అది వేడి కాదండీ. ఒక ముక్క తీసి పరీక్షకు పంపుతాను. నేనూ ఇప్పుడే పేరు చెప్పను. సరేనా?"

ఫలితం వచ్చేదాకా అతను కూర్చున్నచోట కూర్చోలేదు. షాపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, ఫోన్ మోగితే ఎత్తకుండా చూస్తూ నిలబడేవాడు. నాలుక ఇప్పుడు కుట్టు చుట్టూ తిరిగేది. చివరికి డయానా గారు పిలిచి కూర్చోబెట్టి ప్యాకెట్ మీది పేరే చెప్పింది. మొదలైంది, కానీ మెడలోకి పాకినట్టు కనబడటం లేదంది. బుగ్గ లోపలి భాగం కొంత తీసేయాలంది. ఇంకొన్నాళ్ళు ఆలస్యం చేసి ఉంటే ఇంతటితో పోయేది కాదంది. సీతారావమ్మ ఆవిడ చేతులు పట్టుకుంది.

ఆపరేషన్ బెజవాడలోనే ఇంకో పెద్దాసుపత్రిలో అయింది. ముక్కులోంచి గొట్టం, నోటి నిండా కుట్లు, మాట లేదు. మూడో రోజున కంకిపాడు నుంచి పొరుగింటి సంజీవరావు గారు యాపిల్ పళ్ళు పట్టుకుని పరామర్శకొచ్చాడు. యాపిల్ పళ్ళు! గదిలో సీతారావమ్మ, బసవపూర్ణమ్మ ఉన్నారు.

ఆయన మంచం పక్కన కూర్చుని, కాసేపు తల పంకించి, పెద్ద నిట్టూర్పు విడిచాడు. "ఏం చేస్తామమ్మా. మేనకోడలికి పైపళ్ళు ముందొచ్చినయ్యంటగా. ఊరకే పోతదా?"

దుర్గాప్రసాద్ ఒళ్ళంతా కదిలింది. నోరు తెరవబోయాడు, తెరుచుకోలేదు. గొంతులోంచి మూలుగు తప్ప ఏమీ రాలేదు. చెయ్యి చాచి ఫోన్ కోసం తడిమితే అది జారి మంచం కిందికి పోయింది. ఇన్నాళ్ళు మాట్లాడగలిగి మాట్లాడనివాడు ఇప్పుడు పక్క గుడ్డను గుప్పిట్లో నలుపుతూ తల్లి వంక చూశాడు. సీతారావమ్మ మాట కూడదీసుకుంటోంది.

ఈలోపు బసవపూర్ణమ్మ లేచి నిలబడింది.

"ఏందండీ పోయేది?" అంది, ఆసుపత్రి అని కూడా చూడకుండా. "అయినవాళ్ళు ఇంతమందిమి ఉండి ఈయన నోట్లోకి తొంగిచూసిన పాపాన పోయామా? కన్నతల్లి చూడలా, తోడబుట్టింది చూడలా. నా మనవరాలు చూసిందండీ! వేలు పెట్టి, నెత్తురు తీసి చూపించి, ఈయన్ని డాక్టరు దగ్గరికి తోలింది. అది వేలు పెట్టకపోతే ఈపాటికి ఈయనగారు ఆ ప్యాకెట్లు నమలతానే ఉండేవాడు. మేనమామను బతికించింది నా అక్షయ. మీ ఊళ్ళో ఎవరన్నా ఇంకో మాటంటే నా ముందుకొచ్చి అనమనండి."

సంజీవరావు గారు యాపిల్ పళ్ళ సంచీని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళోనే పెట్టుకున్నాడు. ఆ ఆదివారం మూకుడు దగ్గర ఆవిడ ఏమన్నదో సీతారావమ్మకు గుర్తుంది, దుర్గాప్రసాద్‌కూ గుర్తుంది. ఆవిడకు మాత్రం గుర్తున్నట్టు లేదు.

దుర్గాప్రసాద్‌కు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగి ప్రాణం పోయినంత నొప్పి పుట్టింది, అయినా ఆగలేదు, కళ్ళ నుంచి నీళ్ళు దిండు మీదికి కారాయి.

"నవ్వకురా, కుట్లూడతయ్యి," అంటూ సీతారావమ్మ కొంగుతో తుడిచింది. అతను చెయ్యి తక్కువ ఎత్తులో పట్టి, పాప ఏదని సైగ చేశాడు.

"కింద భాను దగ్గరుంది. పైకి రానియ్యరంట," అంది ఆవిడ. "కింది పళ్ళు కూడా వచ్చినయ్యిరా. నిన్ననే."